నేస్తం పేరు నోటితో అనకూడదు

నా నేస్తం పేరు నోటితో పలికి నలభై అయిదేళ్ళు దాటింది. మాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మా, వాళ్ళమ్మా కలిసి మా ఇద్దరికీ నేస్తం కట్టారు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. తెలియనివాళ్ళకి మాత్రం చెప్పాలి, లేకపోతే నేను పడిన భయం అర్థం కాదు.

ఇద్దరు ఆడపిల్లలు విడిచి ఉండలేనంతగా కలిసిపోతే, కులాలు వేరైనా సరే, పెద్దవాళ్ళు ఒక మంచిరోజు చూసి ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టేవారు. బొట్టు పెట్టి, ఒకరి నోట్లో ఒకరిచేత బెల్లం ముక్క పెట్టించి, కొత్త బట్టలు మార్పించేవారు. ఇక ఆ రెండిళ్ళూ చుట్టాలే. వాళ్ళింట్లో పెళ్ళయితే మనం పనికి దిగాలి, చావైతే మనమూ తలస్నానం చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. నేస్తం అనే పిలవాలి. పేరు నోటంట వస్తే నేస్తరికం తెగిపోతుందనీ, ఎదుటి మనిషికి కీడనీ మా నాయనమ్మ చెప్పేది. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మూఢనమ్మకాల గురించి పిల్లలకి ఏటా గంటసేపు ఉపన్యాసం ఇస్తాను. అయినా ఆ పేరు ఒక్కసారి కూడా అనలేదు. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఎలాగైనా నాచేత అనిపిస్తానని పంతం పట్టి, ఏడాది తిరక్కుండానే విసిగి వదిలేశాడు.

మాది వరి పండించే ఇల్లు, వాళ్ళది సముద్రం మీద బతికే ఇల్లు. వాళ్ళమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా ఊరు వచ్చేది. వెనకాలే నా నేస్తం, అప్పటికి చిన్న గుంట, వచ్చి తట్ట ఖాళీ అయ్యేదాకా మా అరుగు మీద నాతో గచ్చకాయలు ఆడేది. తర్వాత మా బళ్ళోనే చేరింది. ఐదో తరగతితో ఆమె చదువు ఆగింది గానీ నేస్తరికం ఆగలేదు. బళ్ళో మాట్లాడితే మాస్టారు కొట్టేవారు కాబట్టి ఒకరి అరచేతిలో ఒకరం వేలితో రాసుకునేవాళ్ళం. నోటితో అనకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు కదా. ఏం రాసినా ముందు నా పేరుతో మొదలుపెట్టేది. నాది మూడక్షరాల పేరు. అరచెయ్యి దాటకుండా అయిపోతుందని ఆమెకి ముచ్చట.

సింగపూర్ ఆలోచన ఆమెదే. భర్త పోయాక ఆమె ఎండుచేపల వ్యాపారం ఒక్కతే నడుపుతోంది. ఒకరోజు మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, "బళ్ళో పటం మీద కర్రెట్టి దేశాలన్నీ సూపిస్తావు. ఒక్కటైనా సూసినావేటే నేస్తం?" అంది. ఉడుకుమోత్తనం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. సూద్దాం పద అన్నాను. అన్న మర్నాటి నుంచీ గుండెల్లో దడ. భయపడటంలో నన్ను మించినవాళ్ళు మా స్టాఫ్‌రూములో లేరు. తుఫాను హెచ్చరిక వస్తే మొదట ఇంటికి పరిగెత్తేది నేనే. కానీ ఆమె కూతురు అప్పటికే ఫోన్లో టికెట్లు తీసేసింది. శుక్రవారం బయల్దేరి సోమవారానికి ఇల్లు చేరడం.

ప్రయాణానికి వారం ముందు ఆ కూతురు మా ఇంటికొచ్చింది. గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది, మాటల్లో తొణకదు. ఆ రోజు మాత్రం హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీ లాగుతూ కూర్చుంది.

"పిన్నీ, అమ్మకి ఏటో అవుతన్నాది," అంది.

"ఏటవుతన్నాది?"

"మొన్న ఆమదాలవలస టేసన్లో తెలిసినోలు సూసి నాకు ఫోన్ సేసినారు. బల్ల మీద కూకుని ఉన్నాదంట. ఎందుకొచ్చినావని అడిగితే తెల్దన్నాదంట. నానెల్లి అడిగితే, గాలికి కూకున్నాను, తప్పేటి అన్నాది."

"నాను రోజూ కళ్ళజోడు ఎతుక్కుంతానే. ఈ వయసులో అందరికీ ఉంటాది."

"పులుసులో ఉప్పు రెండుపాల్లు ఏస్తన్నాది. తాళం ఏసీసి, ఏసినానా లేదా అని సగం దారిలోంచి ఎనక్కి ఎల్తన్నాది. నాకేటీ తెలీడం లేదు పిన్నీ. నాను సూస్తే నా బయమే కనిపిస్తన్నాది. నువ్వు మూడ్రోజులు పక్కనే ఉంటావు. సూసి సెప్పు. అవునంటే విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెల్లి, ఆ ఇల్లు మూసీసి అమ్మని నా కాడికి తెచ్చీసుకుంతాను. కాదంటే ఇంక నోరెత్తను."

ఆ పిల్ల వెళ్ళిపోయాక నాకు అన్నం సయించలేదు. తీరాన ఆ రెండు గదుల ఇల్లు, ఇసుకలో పరిచిన వలల మీద ఆరే నెత్తళ్ళ చేపలు, పొద్దున్నే లేచి కాకుల్ని తిట్టే ఆమె గొంతు, ఇవన్నీ ఇప్పుడు నా ఒక్క మాట మీద పెట్టారు. విమానం కూలిపోతుందేమోనన్న భయం ఆ రోజుతో పోయింది. దానికన్నా పెద్దది వచ్చి కూర్చుంది.

విమానంలో కిటికీ సీటు ఆమెదే. బెల్టు పెట్టుకోవడం నాకన్నా ముందే నేర్చుకుంది. కాసేపటికి, "ఇంతకీ ఏ ఊరన్నావే?" అంది. సింగపూర్ అన్నాను. పెట్టినవి తిని, కాసేపు కునికి లేచి, మళ్ళీ, "ఏ ఊరే మనం ఎల్తన్నది?" అంది. చెప్పాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. మూడోసారి కూడా అడిగింది. నేను నోరు తెరిచేలోగా పకపకా నవ్వి, "నీ మొకం అద్దంలో సూసుకోవాల," అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె పుట్టుకతోనే ఆకతాయి. మూడోది ఆటే అనుకుందాం, ముందు రెండూ ఏమిటి? దిగేదాకా అదే ఆలోచన.

సింగపూర్ విమానాశ్రయంలో బొటనవేళ్ళు మిషను మీద పెట్టమన్నారు. నావి ఒక్కసారికే తీసుకుంది. ఆమెవి తీసుకోలేదు. నలభై ఏళ్ళు ఉప్పులో, కత్తి మీద నలిగిన వేళ్ళు. ఆధార్ దగ్గరా, రేషన్ దగ్గరా ఆమెకి ఎప్పుడూ ఇదే గొడవ. ఒక ఆఫీసరు ఆమెని పక్కకి పిలిచాడు. నేను గీతకి ఇవతల ఉండిపోయాను. ఆయన నన్ను చూపించి ఏదో అడిగాడు. ఆమె "నేస్తం" అంది. ఆయన అదే నా పేరనుకుని, నన్ను పిలిచి పాస్‌పోర్టు తీసుకుని చూశాడు. అందులో ఆ పేరు లేదు. మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, "నేస్తం" అంది. నేను కల్పించుకుని, స్నేహితురాలని అర్థం, మేం పేర్లు పెట్టి పిలుచుకోమని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి, పాస్‌పోర్టులు తిరిగిచ్చి పంపించేశాడు.

బయటికొచ్చి ట్యాక్సీ కోసం వరసలో నిలబడి నవ్వుకున్నాం. నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె నా పేరు చెప్పలేదు. చెప్పకూడదు కాబట్టి చెప్పలేదా? గుర్తులేక చెప్పలేదా? మిగతావాళ్ళయితే చుట్టాల్ని తప్పు పేరుతో పిలిచి దొరికిపోతారు. నా నేస్తం దొరకదు. నలభై అయిదేళ్ళుగా నన్ను పిలిచిన మాట ఒక్కటే, అది ఆమె నోట్లో ఎప్పుడూ ఉంటుంది. నా పేరు ఆమె తలలోంచి ఏనాడో జారిపోయినా నాకు తెలిసే దారి లేదు.

మర్నాడు శనివారం. హోటల్లో రొట్టెలు, పండ్లు తిన్నాక ఏం చూద్దామని అడిగితే, "సేపల బజారు," అంది. తోటలూ, ఎత్తైన మేడలూ చూపిస్తానని నేను రాసుకొచ్చిన కాగితం బ్యాగులోనే ఉండిపోయింది. కాలువల్లా నీళ్ళు పారే గచ్చు మీద చీర పైకి దోపుకుని నడుస్తుంటే ఆమెకి పాతికేళ్ళు తగ్గిపోయాయి. వంజరం, చందువా, పండుగప్ప, కానాగంతలు, ఒక్కొక్కదాని పేరూ చెప్పుకుంటూ పోయింది. ఒక దుకాణంలో చేప మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, పెదవి విరిచి పక్కదాన్ని చూపించింది. ఆ అమ్మే ఆయన ఆమె చేతులకేసి చూసి, లోపల మంచులోంచి వేరే చేప తీసి ముందు పెట్టాడు. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. అయినా పావుగంట మాట్లాడుకున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్ని చేపలు గుర్తున్న మనిషికి ఏమవుతుంది? ఆ పిల్లది ఉత్త కంగారని అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకున్నాను. ఆమె కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, ఆ పక్క గుట్టగా పోసిన రొయ్యల్ని చూసి, "మాయమ్మకి సెప్పాల," అంది.

వాళ్ళమ్మ పోయి పదకొండేళ్ళయింది. చావుకి నేనూ తలస్నానం చేశాను. ఉండబట్టలేక అందరం అనే మాటే కదా అది, నేనూ మా నాన్న గురించి అలా అంటుంటాను కదా అని సర్దిచెప్పుకోబోయాను. మనసు సర్దుకోలేదు.

మధ్యాహ్నం మెట్రో రైలెక్కాం. ఆ స్టేషన్లో జనం చీమల్లా ఉన్నారు. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఆమె జంకూ గొంకూ లేకుండా లోపలికి అడుగేసింది. నేను అలవాటు ప్రకారం, ఇది మనదేనా అని పైన బోర్డు చూస్తూ ఒక్క క్షణం ఆగాను. తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల ఆమె వెనక్కి తిరిగి నాకోసం వెతుకుతూ కనిపించింది. నేను అద్దం మీద కొట్టాను. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు. రైలు వెళ్ళిపోయింది.

ఆమె ఫోను హోటల్లో చార్జింగ్ పెట్టి వచ్చింది. కూతురు హోటల్ పేరూ, నా నంబరూ ఒక అట్ట మీద రాయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇచ్చింది. అది పర్సులో ఉంటుంది, ఎవరికైనా చూపిస్తుంది అనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పరిగెత్తి పైకెళ్ళి అక్కడి ఉద్యోగిని పట్టుకున్నాను. యాభై ఏళ్ళావిడ, నెమ్మదస్తురాలు. జరిగింది ఇంగ్లీషులో చెప్పాను. ఆకుపచ్చ నేత చీర, రెండు వైపులా ముక్కుపుడకలు, ఎడమ చేతికి వాచీ అన్నాను.

"పేరు?" అందావిడ.

నా నోరు తెరుచుకుంది. మాట రాలేదు. అప్పుడు కూడా రాలేదు. ఈ చదువూ, ఈ ఉద్యోగమూ దేనికని నా మీద నాకే అసహ్యం వేసింది. కాగితం అడిగి రాసిచ్చాను. తొందరలో అక్షరాలు వంకర పోయాయి. ఆవిడ నేను హడలిపోయి మాట పడిపోయిందనుకుని, నీళ్ళ సీసా ఇచ్చి కూర్చోమంది. తర్వాత ఫోనులో, మైకులో ఆ పేరు చదివింది. ఆ పేరు పైన కప్పులోంచి, ముక్కలు ముక్కలుగా, పరాయి ఉచ్చారణలో స్టేషనంతా వినిపించింది. ఎదుటి మనిషికి కీడు అన్న నాయనమ్మ మాట చెవిలో మోగింది. నేను అనలేదు, రాశానంతే, నేను అనలేదు అని లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నాను.

అరగంట గడిచింది. ఆ అరగంటలో నేను ఊహించుకోనిది లేదు. పట్టాలు, రోడ్లు, కాలువలు అన్నీ ఊహించుకున్నాను. ఆమె కూతురి ముందు ఒంటరిగా దిగడం కూడా ఊహించుకున్నాను. రైళ్ళు వచ్చినప్పుడల్లా మెట్ల వైపు చూడటం, ఆకుపచ్చ చీర లేకపోవడం, మళ్ళీ కూర్చోవడం.

ఫోను మోగింది. ఆవిడ మాట్లాడి, నా భుజం మీద చెయ్యి వేసి, దొరికిందని చెప్పింది. ఆ దారిలో చివరి స్టేషన్లో ఉందట. తర్వాత కొంచెం తటపటాయించి అడిగింది. "ఎవరితో వచ్చారో అక్కడివాళ్ళు చాలాసార్లు అడిగారట. ఒకే మాట చెబుతున్నారట, మీ పేరు చెప్పలేకపోతున్నారట. ఆవిడకి మతిమరుపు జబ్బేమైనా ఉందా?"

"లేదండీ. మా దగ్గర పేర్లు చెప్పకూడదు. ఆచారం," అన్నాను.

ఆవిడ తన చేతిలోని కాగితాన్ని, దాని మీద నా వంకర రాతని చూసింది. నోటితో చెప్పకుండా రాసిచ్చాను కాబట్టి నమ్మింది. నేను మాత్రం నమ్మలేదు.

చివరి స్టేషన్‌కి వెళ్ళేసరికి ఆమె బల్ల మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కపక్కన సర్దుకుని, పర్సు రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని, ఎవరికోసమూ చూడకుండా కూర్చుంది. ఆమదాలవలసలో కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది. నేను ఎదురుగా నడిచి వెళ్ళాను. ఆమె తలెత్తి చూసింది. రెండు మూడు అడుగులు, అంతే, ఎక్కువ లేదు. ఆ రెండు మూడు అడుగులు నడిచేంతసేపు ఆమె నన్ను దారినపోయే మనిషిని చూసినట్టు చూసింది. సింగపూర్‌లో నేను చూసినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది అదొక్కటే.

తర్వాత మొహం విప్పారింది. "ఏటే నేస్తం, ఎక్కడికెల్పోనావు? నీకోసం ఎంతసేపని కూకుందును?" అని నన్నే తిట్టింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. హోటల్‌కి వచ్చి గది తాళం కోసం నా బ్యాగు తెరిస్తే, కూతురిచ్చిన అట్ట అందులో ఉంది. పొద్దున్నే నేను చూడకుండా వేసేసింది.

"ఇది నీ పర్సులో ఉండాల గదా," అన్నాను. నా గొంతు లేచింది.

"నానేటి, తప్పిపోయే మేకనేటి, మెడకి బిళ్ళ కట్టుకోడానికి?" అంది ఆమె.

ఆదివారం ఉదయం ఎక్కడికీ వెళ్ళే ధైర్యం నాకు లేదు. హోటల్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో సముద్రం ఉంది, అక్కడికే తీసుకెళ్ళాను. రోడ్డు దాటేటప్పుడు ఆమె కొంగు నా గుప్పిట్లో ఉంది. ఆ సముద్రానికి అలలు లేవు. పెద్ద పెద్ద ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆమె మూతి తిప్పి, "ఇది సముద్రమేటి, సెరువు," అంది. రాతి బల్ల మీద కూర్చున్నాం. నాలో భయం ఇక దాగేటట్టు లేదు. నలభై అయిదేళ్ళలో అడగనిది అడిగేశాను.

"నేస్తం, ఒక్కపాలి నా పేరు సెప్పు."

ఆమె తల తిప్పలేదు. ఓడలకేసి చూస్తూనే ఉంది. అలా చూస్తూనే, "పాప నీకేటి సెప్పిందో నాకు తెల్దనుకుంతన్నావా?" అంది. "నువ్వు నన్ను ఎలగ సూస్తన్నావో కూడా సూస్తన్నాను. పరీచ్చ కాయితం దిద్దుతన్నట్టు సూస్తన్నావు."

నేను తల వంచుకున్నాను.

"ఏటైనా అడుగు, సెప్తాను. మనకి నేస్తం కట్టిన రోజు వోన. మీ నాయనమ్మ పీటలు తుడిసింది. నా నోట్లో నువ్వెట్టిన బెల్లంలో సీమ ఉన్నాది, నాను మింగీసినాను. నీకిచ్చిన పరికిణీ పొడుగైపోనాది, నువ్వేడిసినావు. అవునా, కాదా?"

అన్నీ అవునే. చీమ సంగతి మాత్రం నాకు అప్పుడే, ఆ సముద్రం ఒడ్డునే తెలిసింది.

"మరి పేరు?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. గొంతు తగ్గించి చెప్పింది. "మొన్న కార్తీకంలో ఒకరోజు తెల్లారి లేసి, నీకు ఫోన్ సేద్దామని ఫోన్ తీసినాను. నేస్తం అని ఉన్నాది. ఈ నేస్తం పేరేటి అనుకున్నాను. రానేదు. ఇల్లంతా తిరిగినాను, రానేదు. ఎవులినడగను? పాపనడిగితే నా పని అయిపోద్ది. నిన్నడిగితే నువ్వు సచ్చిపోతావు. సేపలు ఎండేసినాను, తీసినాను. సాయంత్రం నీ పెళ్ళి సుబలేక పెట్టిలో దొరికింది. సదువుకున్నాను. పది పాల్లు సదువుకున్నాను."

ఈ మాటలు విన్నాక నాకు ఏడుపు రాలేదు. ఆమె ఆ ఇంట్లో ఒక్కతే, నన్ను వెతుక్కుంటూ, అడగడానికి మనిషి లేక, పొద్దంతా తిరిగింది. ఆ కార్తీకంలో నేను రోజూ ఫోను చేశాను. రోజూ "నేస్తం" అంది. నేను అనుమానించలేదు.

"ఇప్పుడుందా?" అన్నాను.

"ఉన్నాది. ఉన్నా సెప్పను," అంది. కొంగు సర్దుకుని, "పాపకి సెప్పకే. ఆ ఇల్లు మూసీస్తే నాను ఇంకా బేగి పోతాను," అంది.

నేను సరే అనలేదు, కాదనలేదు. తిరుగు ప్రయాణమంతా ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మేలుకునే ఉన్నాను. చెప్పకపోతే ఏమవుతుందో లెక్కపెట్టుకున్నాను. పొయ్యి, సముద్రం, ఆమదాలవలస పట్టాలు. చెబితే ఏమవుతుందో కూడా లెక్కపెట్టుకున్నాను. రెండు వైపులా ఆమె పోవడమే కనిపించింది. ఒక్కటే తేడా, చెబితే పక్కన మనిషి ఉంటుంది.

విశాఖపట్నంలో కూతురు కారు తీసుకుని వచ్చింది. నా నేస్తం బాత్రూముకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. అడగలేదు. నేనే చెప్పాను.

"అవునే. ఆసుపత్రికి తీసుకెల్లు, నానూ వస్తాను. కానీ ఇల్లు మాత్రం ఇప్పుడే మూసీకు. డాక్టరు సెప్పినాక సూద్దాం. వారానికి నాలుగు రోజులు సాయంత్రం బడి అవగానే నానెల్లి ఉంటాను."

ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. నా నేస్తం తిరిగి వచ్చి కూతుర్ని చూసింది, నన్ను చూసింది. ఏమీ అనకుండా కారెక్కి కిటికీ వైపు జరిగి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను, కూతురు ముందు సీట్లో. తగరపువలస దాటింది, భోగాపురం దాటింది. ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి మధ్య అంతసేపు మాట లేకపోవడం అదే మొదలు. నేస్తరికం తెగడానికి పేరు పలకక్కర్లేదని అప్పుడర్థమైంది. ఇలాగే తెగిపోయిందేమో.

రణస్థలం దాటాక ఆమె చూపు బయటే ఉంచి, నా చెయ్యి లాక్కుంది. అరచెయ్యి వెల్లకిలా తిప్పి తన ఒళ్ళో పెట్టుకుంది. వేలు ఆనించింది. ఉప్పుకి అరిగిపోయిన గరుకు వేలు. మొదటి అక్షరం రాసింది. అది నాదే. రెండోది రాసింది, కొంచెం నెమ్మదిగా. అదీ నాదే. వేలు ఎత్తి మళ్ళీ పెట్టింది.

అక్కడ ఆగిపోయింది. రోడ్డు పక్క కోత కోసిన మళ్ళు, మొక్కజొన్న చేలు వెనక్కి పోతున్నాయి. వేలు నా అరచేతిలో కదలకుండా ఉంది. నేను ఆమె మొహం చూడలేదు. చూస్తే మళ్ళీ పరీక్ష కాగితం దిద్దినట్టుంటుంది. ఎచ్చెర్ల దగ్గరపడుతుండగా ఆ వేలు మెల్లగా పైకి లేచింది.

నేను ఆమె చెయ్యి తిప్పి నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ అరచేతిలో నా పేరు రాశాను, ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగుతూ. అయిపోయాక కూడా ఆమె చెయ్యి అలాగే చాపి ఉంచింది, ఇంకేదో వస్తుందన్నట్టు.

"మూడేనా?" అంది.

"మూడే," అన్నాను.

ఆమె కాసేపు తన అరచేతిలోకి చూసుకుంది. తర్వాత చెయ్యి మళ్ళీ నా ముందుకి జరిపి, "ఇంకోపాలి రాయి," అంది. నాగావళి వంతెన వచ్చేదాకా రాస్తూనే ఉన్నాను.